గట్టిమేళం వద్దన్న చెయ్యి

నాకు పొగరని మావాళ్ళందరూ అనేవారు. ఉండేది కాబట్టే అనేవారు. చేతిలో ఏ వాయిద్యమూ లేకుండా, ఒక సన్నటి పుల్ల పట్టుకుని పదిమంది ఎదుట నిలబడి "నేను వాయించమన్నప్పుడు వాయించండి, ఆపమన్నప్పుడు ఆపండి" అనాలంటే ఆమాత్రం పొగరు ఉండొద్దూ? అరవైల చివరి రోజులవి. ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ మాస్టారి దగ్గర ఆర్కెస్ట్రా నడిపే విద్య నేర్చుకున్నాను. ఉద్యోగం వదిలేసి విజయనగరం వచ్చి, మన రాగాలు మనవాళ్ళ చేత అలా వాయింపిస్తానని ఊరంతా చెప్పుకు తిరిగాను.

మా నాన్న డోలు వాయించేవాడు. రాజాం చుట్టుపక్కల పెద్ద పెళ్ళంటే ఆయన మేళమే. నా పుల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "పుల్లుంటే సరిపోద్దేటి? డోలేదిరా?" అన్నాడు.

"డోలు నీదే నాన్నా. పుల్ల ఒక్కటే నాది," అన్నాను.

ఆయన నవ్వలేదు. కొడుకు చెయ్యి చూసుకుని వాయించడమేమిటని చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. చివరికి అమ్మ పోరు పడలేక ఒప్పుకున్నాడు.

వయొలిన్లు పట్టినవాళ్ళు సంగీతం నేర్చుకుంటున్న కుర్రాళ్ళు. క్లారినెట్ ఆయన మా నాన్న మేళంలోవాడే. మనుషులు దొరికారు గానీ చోటు దొరకలేదు. మా వసారాలో వాయిస్తుంటే ఇరుగుపొరుగు తిట్టిపోసేవారు. గరివిడిలో ఒక క్లబ్బుకు మంచి హాలు ఉండేది. ఆ క్లబ్బు పెద్దాయన రాజాంలో ధాన్యం వ్యాపారి, తన కూతుళ్ళందరి పెళ్ళిళ్ళకూ మా నాన్న చేతే వాయింపించుకున్నవాడు. వెళ్ళి అడిగాను.

"ఒక కచేరీ సెయ్యండి, సూస్తాను. బాగుంటే ఆదివారాలు హాలు మీదే. బాగోపోతే ఆ పుల్ల పొయ్యిలో ఎట్టేసి మళ్ళీ రైల్వేకి పో," అన్నాడు.

హాలు లేకపోతే ఆర్కెస్ట్రా లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆ కచేరీ కోసం మోహన రాగంలో ఒక వరస కట్టాను. వయొలిన్లు మెట్టు మెట్టుగా ఎక్కి పై షడ్జం అందుకోగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. తాళం ఒక చుట్టు తిరిగేదాకా, ఒక ఆవర్తనం నిండా నిశ్శబ్దం. ఆ తర్వాత డోలు మీద ఒకే ఒక్క దెబ్బ. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం కోసమే నేను ఆ వరస కట్టాను. అది చెడితే మిగతాదంతా ఉత్త చప్పుడే.

మొదటి ప్రాక్టీసులో ఆ చోటుకు వచ్చాం. ఆగి ఉండమన్నట్టు, మాస్టారు నేర్పిన పద్ధతిలో చెయ్యి పైకెత్తాను. అంతే, మా నాన్న డోలు మీద విరుచుకుపడ్డాడు. క్లారినెట్ ఆయన బుగ్గలు ఉబ్బించి అందుకున్నాడు. వసారా అదిరిపోయింది. అరిచి అరిచి వాళ్ళను ఆపేసరికి నా గొంతు పోయింది.

"ఆపమని చెయ్యెత్తితే వాయిస్తారేమిటి?"

"సెయ్యెత్తితే ఆపడమేటిరా?" నాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తాళి కట్టేటప్పుడు పెద్దలు ఏలెత్తితే ఏటి సేస్తాం? గట్టిమేళం. ఎవుడు తుమ్మినా, ఏ సంటిది ఏడిసినా పెళ్ళివారి సెవిన పడకూడదని, ఆ ఏలు దించేదాకా బాదుతాం. నాకు బుద్ధెరిగిన కాడ్నించీ ఇదే పని."

ముందు ఒళ్ళు మండింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. ఖరగ్‌పూర్ చెయ్యిని రాజాం మేళం ముందు ఎత్తింది నేనే కదా. "సరే, చెయ్యి దించుతాను. నా అరచెయ్యి నేల వైపు ఉన్నంతసేపూ ఎవరూ కదలొద్దు," అన్నాను.

"అప్పుడెవుడైనా తుమ్మితే?"

"తుమ్మనీ నాన్నా."

"మేళగాడు ఊరుకుంటే అపశకునం ఆడి నెత్తినే పడతాదిరా," అన్నాడు. అది వేళాకోళం కాదు. ఆయన మొహంలో భయం కనిపించింది. అయినా నేను నా మాట మార్చలేదు.

కచేరీ ఆదివారం సాయంత్రం. హాలు నిండింది. పెద్దాయన ముందు వరసలో, సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆయనకు వీపు పెట్టి నిలబడి పుల్ల ఎత్తాను. ఆ రోజు నా వాళ్ళు ఎంత బాగా వాయించారో! వయొలిన్లు ఎక్కాయి, షడ్జం అందుకున్నాయి. అరచెయ్యి కిందికి దించాను. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు వెనకాల ఎవరో తుమ్మారు.

మా నాన్న చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. "గట్టిమేళం" అని సన్నగా వినబడింది. పెద్దాయన గొంతు. అలవాటు కొద్దీ వేలెత్తేశాడని తిరిగి చూడకుండానే తెలిసిపోయింది. క్లారినెట్ ఆయన బుగ్గలు అప్పుడే ఉబ్బాయి. నాన్న చేతిలో డోలు పుల్ల పైకి లేచింది. ఇన్నాళ్ళూ ఆ వేలు ఎత్తినప్పుడల్లా ఆయన వాయించాడు. ఇప్పుడు హాలు ఇవ్వాల్సిందీ ఆ వేలే. అయినా నేను చెయ్యి కదపలేదు.

నాన్న చూపు వెనక్కి వచ్చి నా అరచేతి మీద ఆగింది. పుల్లను మెల్లగా మోకాలి మీదికి దించుకున్నాడు. ఆయన్ను చూసి క్లారినెట్ ఆయన ఊపిరి వదిలేశాడు. ఆవర్తనం నిండింది. నేను చెయ్యి విసిరాను. డోలు మీద ఒక్క దెబ్బ పడింది.

చప్పట్లు అయ్యాక పెద్దాయన లేచి నేరుగా మా నాన్న దగ్గరికి వచ్చాడు.

"ఏటిరా, నా ఏలు కనబళ్ళేదా నీకు?"

"కనబడింది బాబూ," అన్నాడు నాన్న, డోలు మీద గుడ్డ కప్పుతూ. "ఈ పెళ్ళికి పెద్ద మావోడు గదా."

పెద్దాయన "ఆదివారం ఎన్నింటికి తలుపులు తియ్యమంటావు?" అన్నాడు. ఆ మాట అడిగింది మా నాన్నను కాదు, నన్ను.