మంచునీళ్లలో చెయ్యి

ఆమెను అందరూ బండ అనే పిలిచేవారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరిన కొత్తలో బార్ రాపిడికి అరచెయ్యి చీలితే, కిక్కురుమనకుండా గుడ్డ కట్టుకుని మళ్లీ వరుసలో నిలబడింది. కోచ్ మురిసిపోయి పెట్టిన పేరది. ఆమెకూ నచ్చింది.

ఈ ఏడాది ఆమెకు ఏదో అయింది. జట్టు ఎంపిక దగ్గరపడేకొద్దీ పొద్దున లేస్తూనే స్నానాల గదికి పరుగెత్తేది. కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకునేది. "నీళ్లన్నీ నువ్వే పోసేసుకుంటావా, నాక్కూడా ఉంచుతావా?" అని బయట అక్క కేకేస్తే, మొహం తుడుచుకుని నవ్వుతూ వచ్చేది. మిషను కుట్టి తనను పెంచిన అక్క. చెల్లెలి ఆటంటే ప్రాణం. ఆమెకు ఏమని చెప్పగలదు?

ఆ రోజుల్లోనే ఒక సైకాలజిస్టు వ్యాయామశాలకు వచ్చింది. ఆటగాళ్లు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారో, మనోబలం ఎలా వస్తుందో పరిశోధిస్తోందట. ఒక్కొక్కరినీ పిలిచి, మంచుముక్కలు తేలే నీళ్లలో చెయ్యి ముంచమనేది. ఓర్చుకోలేనప్పుడు తీసేయవచ్చు. కొందరు తిట్టుకుంటూ తీశారు. ఒకడు పాట అందుకుని, చరణం దాకా రాకుండానే తీశాడు. బండ చెయ్యి ముంచి గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎంతకీ తీయలేదు. చివరికి సైకాలజిస్టే మణికట్టు పట్టుకుని పైకి లాగింది.

"చూశారా మేడమ్, అదీ మా బండంటే," అన్నాడు కోచ్.

సైకాలజిస్టు నవ్వలేదు. అతన్ని బయటికి పంపి, ఎర్రబడ్డ చేతికి తువ్వాలు చుట్టింది.

"నొప్పి తెలియలేదా?"

"తెలిసిందండీ."

"మరి ఏం తలుచుకుని ఓర్చుకున్నావు?"

"ఓర్చుకోలేదండీ. చెయ్యి పోతే పోనీ అనిపించింది. పోతే ఇంక ఎత్తక్కర్లేదు కదా."

తన నోటివెంట వచ్చిన మాట విని తనే బిత్తరపోయింది.

"దీన్ని మనోబలం అనరమ్మా. నీకు కొన్నాళ్లు విశ్రాంతి కావాలి. సరేనంటే సార్‌తో నేను మాట్లాడతాను."

ఆమె తలూపింది. ఆ పూట అన్నం సహించింది.

కోచ్ మాత్రం మధ్యలోనే మాట తుంచేశాడు. "ఎంపిక ముందు అందరికీ ఉండేదే మేడమ్. మీ పరిశోధన మీరు చేసుకోండి, నా పిల్లను నాకొదిలేయండి." తర్వాత ఆమెను పిలిచి మెత్తగా అడిగాడు. "నువ్వూ అందరిలాంటిదానివేనా?"

కసిరినా బాగుండేది. "కాదు సార్," అంది.

ఎంపిక రోజున బార్ తలపైకి వెళ్లింది. బరువు వెనక్కి ఒరిగింది. వదిలేసి పక్కకు తప్పుకుంటే సరిపోయేది, మొదటి రోజు నేర్పే పనే అది. ఆమె వదల్లేదు. కీలు తప్పిన చప్పుడు ముందువరసలో కూర్చున్న అక్కకు వినిపించింది.

చెయ్యి ఇక పూర్తిగా చాపడం కుదరదన్నారు డాక్టర్లు.

"ఎందుకే వదల్లేదు?" ఆసుపత్రి గదిలో అడిగింది అక్క.

"భయం అక్కా. ఎప్పట్నుంచో భయం. చెయ్యి పోతే అదీ పోతుందనుకున్నా. పోలేదు."

బల్ల మీద ఫోను మోగింది. కోచ్. అక్క దాన్ని బోర్లా పెట్టి, ఇరుకు మంచం మీదే చోటు చేసుకుని చెల్లెలి పక్కన ఒదిగింది.

"ఎప్పట్నుంచి?" అంది.