కాయ మాది, నీళ్లు మావి, సైట్లూ మావే

మీ వెబ్‌సైటు ఈ క్షణాన చెరిగిపోతే తిరిగి తెచ్చేదెవరో, ఎంతసేపట్లో తెస్తారో మీకు తెలుసా? నిజంగా తెలుసా, లేక ఎవరో భరోసా ఇస్తే నమ్మి ఊరుకున్నారా?

ఇవాళ పొద్దున్నే భీమవరం నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల పక్క వీధిలో ఒక పెద్దాయన పోతే ఇంట్లోవాళ్లు అక్క నడిపే నేత్రదాన సైటు తెరిచి, అందులోని నంబరుకు చేశారట, కంటి బ్యాంకువాళ్లు వేళకు వచ్చి కళ్లు తీసుకెళ్లారట. అక్క ఆ నాలుగు మాటలే చెప్పి పెట్టేసింది గాని, నేను మాత్రం టీ చల్లారిపోతున్నా లేవకుండా, గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టు కూర్చుని, ఎప్పటిదో సామర్లకోటను తలుచుకుంటూ ఉండిపోయాను.

మా నాన్నగారు అక్కడ బడిలో సైన్సు మాస్టారు, పైగా హేతువాది. నా చిన్నప్పుడు ఊళ్లోకి ఒక స్వామి దిగి, కొబ్బరికాయ మీద మంత్రించిన నీళ్లు చల్లి పీచు భగ్గున మండేట్టు చేసి, జనం చేత కాళ్లు మొక్కించుకుంటుంటే, నాన్నగారు ఆయనను పల్లెత్తు మాట అనలేదు. పెరట్లో చెట్టు నుంచి ఒక కాయ దింపించి, అక్కనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి, కాయ మాది, నీళ్లు మా చెంబులోవి, ఇప్పుడు మండించండి అని ఎంతో మర్యాదగా అడిగారు. స్వామికి ఆరోజు మౌనవ్రతమని శిష్యులు చెప్పారు, మర్నాడు పొద్దున్నే అందరూ కాకినాడ బస్సెక్కేశారు. పీచులో దాచే సోడియం ముక్క సంగతి నాన్నగారు ఆ తరవాత బళ్లో చేసి చూపించారు. మాట వినకు, చేసి చూపించమను, ఆ చేయడమూ నీ షరతుల మీద చేయించు: మేమిద్దరం నేర్చుకున్న చదువంతా అదే.

అంతటి నాన్నగారి కూతుళ్లం, నాలుగు సైట్లు పెట్టుకున్నాం. నాన్నగారు నడిపిన హేతువాద పత్రిక పాత సంచికలకు ఒకటి, పిల్లల ప్రయోగాలకు ఒకటి, కులం అడగని పెళ్లి సంబంధాలకు ఒకటి, అక్క నేత్రదానానికి ఒకటి. వాటిని తన కంప్యూటర్లలో ఉంచి, అడిగినవాళ్లకు అడిగినప్పుడల్లా చూపించే హోస్టింగు పనిని మా బావగారు ఒకాయనకు అప్పగించారు. ఆయన మా హేతువాద సభలకు తప్పకుండా వచ్చే మనిషి, దేవుణ్ణి నమ్మనివాడు, ఇంకేం కావాలి? ఏ పరీక్షా లేకుండా నాలుగూ ఒకే ఖాతాలో చేరిపోయాయి.

తీరా పెళ్లి సంబంధాల సైటులోకి వైరస్ చొరబడి, ఒకే ఖాతా కాబట్టి మిగిలిన మూడింటికీ పాకేసింది. ఆయన దగ్గర కాపీ లేదు, ఫోనెత్తే ధైర్యమూ లేదు. ఆ రోజే ఒక ఇంట్లో తల్లి పోతే, కళ్లు ఇవ్వాలన్న ఆవిడ కోరిక తీర్చడానికి కొడుకు మా సైటు తెరిచి తెల్లటి పేజీ చూశాడు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోగా కళ్లు తీయాలి, నంబరు ఇంకెక్కడో దొరికేసరికి ఆ వేళ దాటిపోయింది. ఆ అబ్బాయి వచ్చి చెప్పి వెళ్లాక, రొయ్యల చెరువుల నుంచి అప్పుడే వచ్చిన బావగారిని అక్క గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఏవండీ, ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకి రాకుండా దేని తూము దానికి పెట్టుకున్నారు కదా, మా సైట్లన్నీ ఒకే నీళ్లలో వదిలేశారేంటండీ?"

"ఆయన మనవాడే కదే!"

"బాబాల దగ్గరికెళ్లేవాళ్లు కూడా అదే అంటారండి."

అప్పుడు నేనూ అక్క ఇంట్లోనే ఉన్నాను. నేను కాకినాడలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, నాన్నగారి పద్ధతి బయటికి తీశాను. మూడు కంపెనీల దగ్గర, పాత సంచిక ఒకటి పెట్టి చిన్న సైటు తెరిచాం. తరవాత మా చేతులతో మేమే దాన్ని చెరిపేసి, నిన్నటి కాపీ తెచ్చిపెట్టండి అని ఫోన్లు చేశాం. "చూస్తూ చూస్తూ చెరిపేస్తావేంటమ్మా!" అని బావగారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. మొదటి కంపెనీ మధ్యాహ్నమంతా ఫోన్లో సంగీతం వినిపించింది. రెండోది తెచ్చింది గాని, అందులో మేం కొత్తగా చేర్చిన పేజీలు లేవు. మూడో చోట ఒకమ్మాయి ఫోనెత్తి, ఏ రోజు కాపీ కావాలండీ అని అడిగింది. బావగారు భోంచేసి కునుకు తీసి లేచేసరికి పేజీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. సైటుకొక ఖాతా విడిగా ఇస్తారా, సైట్ల చిరునామాలు మా పేరు మీదే ఉంటాయా, మేం వెళ్లిపోతామంటే అంతా మా చేతికిస్తారా అని కూడా అడిగి, రాతపూర్వకంగా తీసుకున్నాకే, చెరిగిపోయిన సైట్లను మా దగ్గరున్న కాగితాలు చూసి మళ్లీ కట్టి ఆ మూడో కంపెనీలో పెట్టాం. అన్నిటికన్నా ముందు అక్కది.

ఇవాళ పొద్దున ఆ సైటు తెరుచుకుందంటే అందులో మహిమేమీ లేదు, అడగవలసింది అడిగాం, అంతే. ఆ రోజుల్లో స్వాములు వీధిలో కనబడేవారు, అడిగేవాడు ఒక్కడున్నా చుట్టూ ఊరంతా నిలబడి చూసేది. ఇప్పుడు నమ్మకం అరచేతిలో తెరమీదికి వచ్చేసింది, మెరిసే ప్రకటనా, మనవాడన్న మాటా చాలు, ఎవరి గదిలో వారు ఒంటరిగా నమ్మేస్తున్నాం, చెంబు పట్టుకుని నిలబడే మనిషే కనబడడు. తెలివైనవాళ్లం కాబట్టి మోసపోమనుకోవడం కూడా మూఢనమ్మకమే.

అందుకని ఈ పేజీ మూసి ఫోన్ తీయండి. మీ సైటు ఎవరి దగ్గరుందో వాళ్లకు చేసి, నిన్నటి కాపీ తెచ్చి చూపించమనండి. మాటలు చెబితే వినకండి, చూపించలేకపోతే ఇవాళే అక్కడినుంచి లేచి వచ్చేయండి.