రెండు తడితే పొమ్మని

మా రూతమ్మత్తను బండెక్కించుకొని వైరా నుంచి చర్ల దిక్కు బయలుదేరిన రోజు నా పరువు ఎక్కడ పోయిందో కిలోమీటరు రాయితో సహా నాకు గుర్తుంది. పరువు పోవడం నాకు కొత్తేమీ కాదు. కానీ అంతకుముందెప్పుడూ ఫారెస్టు చెక్‌పోస్టులో, యూనిఫాం వేసుకున్న సాక్షి ముందు పోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కోండి, చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒంట్లో రక్తం కన్నా అనుమానం ఎక్కువ. ఫంక్షన్ హాలుకు వెళ్తే ఒక చెప్పు ఈ గుమ్మం దగ్గర, రెండోది ఆ గుమ్మం దగ్గర విడిచేవాణ్ణి, దొంగకు జత దొరకకూడదని. పెట్రోలు బంకులో సున్నా చూసి, బంకువాడి మొహం చూసి, మళ్ళీ సున్నా చూసేవాణ్ణి. అనుమానం పెనుభూతమంటారు. నేను ఆ భూతానికి మూడు పూటలా అన్నం పెట్టి పెంచాను.

అత్త మా నాన్నకు అక్క. మామయ్య పాల్వంచలో కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసి, రిటైరై వైరా వచ్చి స్థిరపడి, ఆ ముందటేడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన నల్ల మోటారుసైకిలు మాత్రం అత్త వరండాలో దుప్పటి కప్పుకొని ఉండిపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ బండి మీద ఇద్దరి కళ్ళున్నాయి. ఒకణ్ణి నేను. రెండోవాడు చర్ల దగ్గర పల్లెలో ఉండే మా చిన్నత్త కొడుకు ప్రవీణ్.

చిన్నత్త కొత్తిల్లు కట్టుకుంది. ఆ ఇంటి ప్రార్థనకు వెళ్ళాలని అత్త నన్ను పిలిపించింది.

"ఒరే దానియేలూ, బస్సులు నాకొద్దు. మీ మామ బండి మీద చెల్లె ఇంటికి తీస్కపో. పదిలంగ దించితివా, బండి నీదే. లేకుంటె ప్రవీణ్‌గానికిస్త."

"పదిలంగ అంటె?"

"ఎట్ల ఎక్కించుకుంటివో గట్ల దించాలె. గంతే."

ఇంత సులువైన పరీక్ష నా జన్మలో రాయలేదు. అందులో కూడా తప్పాను, అది వేరే సంగతి.

చెల్లెలికి కానుకగా అత్త తన పాత చీరలతో ఒక బొంత కుట్టింది. చుట్టచుట్టి తాడుతో కడితే అది అత్తంత లావు, అత్తంత మెత్తన. దాన్ని మా ఇద్దరి మధ్య ఇరికించి, ఎక్కి కూర్చుని అత్త ఒక ఒప్పందం చేసింది.

"నీ నెత్తికి ఆ డబ్బా, బండికి ఈ మోత. నా మాట నీకేడ ఇనపడ్తది? ఈపు మీద రెండుసార్లు తడితె పో, ఒకసారి తడితె ఆగు. ఎరుకైందా?"

"అవ్ అత్తా."

తల్లాడ, కొత్తగూడెం దాటేదాకా అంతా సవ్యంగా సాగింది. పాల్వంచలో ఫోను మోగింది. ప్రవీణ్.

"బావా, యాడిదాక వచ్చిన్రు?"

"ఎందుకు?"

"ఊకనే."

"ఊకనే ఎవ్వడడుగుతడు?"

"కూర పొయ్యి మీద పెట్టాలె కద బావా."

కూరట! నేను ఏ రోడ్డున, ఎన్ని గంటలకు వస్తున్నానో వీడికెందుకు? దారిలో నాకేదో జరిగితే బండి ఎవరికి పోతుంది? చూశారా, మీకు కూడా అనుమానం వచ్చింది. రాకపోతే మీరు మరీ మంచివాళ్ళు.

భద్రాచలంలో గోదావరి దాటి, చెట్లు మొదలయ్యే చోట ఒక చాయ్ బండి దగ్గర ఆగాం. అత్త బొంతతో సహా దిగింది. నేను దిగలేదు. దిగితే బండినెవరైనా ఎత్తుకుపోతారని హెల్మెట్ అద్దం పైకెత్తి, సీటు మీదే కూర్చుని చాయ్ తాగాను. పక్కన పచ్చ తువ్వాలు మెడలో వేసుకున్న మనిషొకడు తన బండి ఆపుకొని నిలబడ్డాడు.

"బండి మంచిగుంది అన్నా. యాడికి పోతున్నరు?"

"ఎందుకు?"

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అతని మీద పెట్టిన కన్ను తీయకుండానే గ్లాసు ఇచ్చేసి బండి స్టార్టు చేశాను. వెనక సీటు కాస్త కుంగింది. బొంత వచ్చి నా వీపుకు ఆనుకుంది. రెండు తట్లు పడ్డాయి. బయలుదేరాను.

"అత్తా, ఆ పచ్చ తువ్వాలోడు మంచోడు కాదు," అన్నాను. అత్త ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం కదా!

పావుగంట గడిచిందో లేదో, అద్దంలో పచ్చ తువ్వాలు కనబడింది. హారన్ మీద హారన్. అతని వెనక మొహం కనబడకుండా గుడ్డ చుట్టుకున్న మరో శాల్తీ, చెయ్యి గాలిలో ఊపుతోంది. చేతిలో ఆయుధం కూడా ఉంది.

"అత్తా, భయపడకు! గట్టిగ పట్టుకో!"

మా అత్త గుండె ధైర్యమే ధైర్యం, ఒక్క కేక పెట్టలేదు. నేను స్పీడు పెంచాను. వాళ్ళూ పెంచారు. గాలిలో "ఆగురా!" అని వినబడింది. దొంగలకు ఎంత పొగరు, 'రా' అంటారా! ఆ తరవాత "దానియేలూ!" అని కూడా వినబడింది. నా పేరు కూడా తెలుసు! ఇంకేం కావాలి, ఇది ప్రవీణ్‌గాడి పనే.

మలుపు తిరగ్గానే చెక్‌పోస్టు. గేటు వేసి ఉంది. గార్డు కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"సార్! ఎనుక దొంగలు పడ్డరు! నన్నేమన్న చెయ్యనియ్యున్రి, ముందు మా అత్తను కాపాడున్రి!"

"ఏ అత్త?"

"ఏ అత్తేంది సార్? ఎనుక కూసున్నది కనపడ్తలేదా?"

ఆయన లేచి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక సీటును వేలితో పొడిచాడు.

"తమ్మీ, మీ అత్తను తాడుతోని ఎందుకు కట్టినవ్?"

గుమ్మడికాయల దొంగ కనీసం భుజాలు తడుముకున్నాడు. నేను వెనక సీటైనా తడుముకోలేదు. చెయ్యి వెనక్కి పెట్టాను. బొంత. ఇంకా వెనక్కి పెట్టాను. గాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినవాళ్ళున్నారు కానీ, అత్త మీద ప్రేమ బొంత మీద చూపించినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంతలో పచ్చ తువ్వాలు వచ్చి ఆగింది. వెనక నుంచి ముసుగు దొంగ దిగి, దుమ్ముకు చుట్టుకున్న కొంగు విప్పింది. రూతమ్మత్త! చేతిలో ఆయుధం ఆమె ఎడమకాలి చెప్పు.

"బొంత జారుతదని రెండుసార్లు తట్టిన్రా! చెప్పూడితె తీస్కొని తిరిగి చూస్తె నువ్వు లేవు, బొంత లేదు!"

"ఒకసారి తడితె ఆగుతుంటి కద అత్తా..."

"యాడ తట్టాలెరా? గాలిల తట్టాలెనా?"

పచ్చ తువ్వాలాయన గార్డు ఇచ్చిన వేరుశనక్కాయలు నములుతూ, "ఉరుకుడు మాత్రం మంచిగ ఉరికిండమ్మా," అని నన్ను మెచ్చుకొని, బండి తిప్పుకొని వెళ్ళిపోయాడు. ఆయనకు దండం పెడదామని చేతులెత్తేసరికి మలుపు తిరిగేశాడు.

అత్త కాసేపటికి గొంతు తగ్గించి, "పిల్లలు లేని ముసల్దాన్ని, ఇసుగొచ్చి ఇడిసిపెట్టి పోయినవనుకున్నరా," అంది. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. గార్డు కూడా తల తిప్పుకున్నాడు.

"దిగు," అంది అత్త. దిగాను. "ఆ డబ్బా ఇటియ్యి." హెల్మెట్ ఇచ్చాను. కొంగు నడుముకు దోపి, బండెక్కి, ఒక్క కిక్కుకు స్టార్టు చేసింది. నా నోరు తెరుచుకుంది.

"మీ మామ నైటు డ్యూటీ చేసి పగలంత పండుకుంటుండె. బండి ఖాళీ, కాలనీల రోడ్లు ఖాళీ. నేర్చుకున్న. నన్నెవ్వరడగలే, నేను చెప్పలే."

"లైసెన్సుందా అమ్మా?" అన్నాడు గార్డు.

"నీకు ఉద్యోగం రాకముందు నుంచి ఉంది బిడ్డా."

ఆయన సెల్యూట్ కొట్టి గేటెత్తాడు. నేను బొంతను కౌగిలించుకొని వెనక కూర్చున్నాను. రెండు కిలోమీటర్లకొకసారి అడవి దద్దరిల్లేలా కేక:

"ఉన్నవారా?"

"ఉన్న అత్తా!"

"బొంత?"

"ఉంది!"

చిన్నత్త ఇంటి ముందు షామియానా కింద పాస్టరుగారితో సహా చుట్టాలంతా లేచి నిలబడ్డారు. గరిటె పట్టుకొని ప్రవీణ్ పరుగెత్తుకొచ్చాడు. పాపం, వాడు నిజంగానే కూర వండుతున్నాడు.

"ఇదేంది బావా, నువ్వు ఎనుక కూసున్నవ్?" అని, వెంటనే అత్తను అడిగాడు. "ఇంతకు బండెవరికి పెద్దమ్మా?"

అత్త హెల్మెట్ తీసి జుట్టు సవరించుకుంది. "పదిలంగ దించినోళ్ళకు అన్న కద. వీణ్ని నేను పదిలంగ దించిన. బండి నాదే."

కాబట్టి చదువరులారా, వెనక సీటును చేత్తో తడిమి, కూర్చున్నది మనిషా బొంతా అని తేల్చుకోనిదే జీవితంలో క్లచ్ వదలనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇది నిలబెట్టుకోవడం నాకేమంత కష్టం కాదు. ఈ రోజుకీ ఆ బండికి ఆయిలు మార్చేది నేను, తుడిచేది నేను, నడిపేది అత్త. నేను వెనక ఎక్కి, సర్దుక్కూర్చుని, రెండుసార్లు తడతాను.