ఉప్పు చూసిన బస్సు

బస్సులో ఎవరేం పెట్టినా తినకూడదన్నది నా నియమం. నా పేరు నీలిమ. తాండూరులో పప్పుల వ్యాపారం చేసే ఇంటి కోడలిని, వికారాబాద్ కాలేజీలో హోం సైన్స్ మేడంని, కాస్త కోపిష్టిని కూడా. జనవరిలో ఆ శనివారం నాకు ఇంకో హోదా వచ్చిపడింది. వికారాబాద్‌లో మహిళా సంఘాల పౌష్టికాహార వంటల పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. అందుకని పొద్దున టిఫిన్ కూడా మానేసి, నియమాన్ని మరింత బిగించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

తాండూరు బస్టాండులో ఒక పెద్దావిడ వచ్చి నా పక్కన కూలబడింది. ఒడిలో పెద్ద స్టీలు డబ్బా, చేతిసంచిలో నిమ్మకాయలు, ఉప్పు పొట్లం. బస్సు కదిలేలోపే తమది యాలాల్ దగ్గర పల్లె అనీ, డెబ్బై గొర్రెలు, రెండెకరాల కంది చేను ఉన్నాయనీ, భర్త బీరన్నకు మోకాళ్ల నొప్పులనీ, తాను వంటల పోటీకే పోతున్నాననీ నాకు తెలిసిపోయింది.

"ఏం చేసినవమ్మా?" అని అడగడం నా మొదటి తప్పు.

"సలాడు బిడ్డా! మా మనుమరాలు పూజిత ఫోన్ల జూపెట్టింది. జపాన్ దేశంల పచ్చి సోయాకాయలు ఉడకబెట్టి, గింజలొలిచి, కూరగాయలు కలుపుకొని తింటరంట. మస్తు ప్రొటీనంట. గా కాయలు మనకాడ యాడ దొరుకుతయి? మన చేన్ల పచ్చి కందికాయలు లేవా! గవే ఉడకబెట్టిన."

"ఫస్టు ప్రైజు నీకే రావాలె అయితే."

"ప్రైజు ఏమిచ్చినా ఫికర్ లేదు బిడ్డా. ఫస్టొచ్చినామె ఎట్ల జేసిందో మైకుల జెప్పాలెనంట. నాకు మైకు గావాలె!"

వాళ్ల ఊళ్లో మైకు ఎప్పుడొచ్చినా మగవాళ్ల చేతుల్లోనే తిరిగి తిరిగి వెళ్లిపోయేదట. ఒకసారి జాతరలో ఆవిడ ధైర్యం చేసి పట్టుకుంటే, నోరు తెరవకముందే ఎవరో లాక్కున్నారట. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. నాకు ముచ్చటేసింది. నేను జడ్జినన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ధారూర్ దాటాక డబ్బా మూత తీసింది. ఉప్పు, నిమ్మరసం ముందే కలిపితే కీర నీళ్లొదులుతుందని, అప్పటిదాకా ఆగిందట. క్లాసులో నేను చెప్పే మాటే అది. లేత ఆకుపచ్చ కంది గింజలు, క్యారెట్, కీర, టమాట, ఉల్లి ముక్కలు, వేయించిన పల్లీలు, పైన బోలెడంత కొత్తిమీర. రెండు నిమ్మకాయలు పిండి, ఉప్పు చల్లి, గరిటెతో కలిపేసరికి ముందు సీట్ల వాళ్లంతా వెనక్కి తిరిగారు.

"జర ఉప్పు జూడు బిడ్డా."

"నువ్వే చూసుకోరాదమ్మా."

"అయ్యో, పోటీల పెట్టేది ఎంగిలి జేస్తనా? మా ఇంట్ల వండినామె ముందుగాల నోట్లె ఏసుకోదు."

అని నా అరచేతిలో గుప్పెడు పోసింది. తిన్నాను. గింజ గింజా కమ్మగా ఉంది, ఉప్పు అచ్చంగా సరిపోయింది. "జర తక్కువైనట్టుంది," అన్నాను. మళ్లీ పెడుతుందని అన్నాను. దేవుడు నన్ను క్షమించుగాక!

ఆవిడ ఇంకాస్త ఉప్పు వేసి నాకు పెట్టింది. నమ్మకం చాలక ముందు సీట్లోని కాశమ్మ అనే ఆమెకూ పెట్టింది. కాశమ్మ "ఎక్కువైంది" అంది. దానికి పెద్దావిడ ఇంకో నిమ్మకాయ పిండింది. టికెట్ల కోసం వచ్చిన కండక్టర్ రాజేందర్ "పులుపైంది పెద్దమ్మా" అన్నాడు. వెనకనుంచి ఎవరో తమ సంచిలోని టమాటాలు కోసిచ్చారు. డబ్బా సీటు సీటుకూ తిరిగింది. ఉప్పు మీద బస్సు రెండుగా చీలిపోయి వాదించుకుంది. నేను మళ్లీ రెండుసార్లు చూశాను.

"ఇగో, ఇప్పుడు కుదిరింది!" అని రాజేందర్ వేళ్లు నాక్కునేసరికి వికారాబాద్ వచ్చేసింది. డబ్బాలో కొత్తిమీర కాడ ఒకటి మిగిలింది. ఆవిడ అందులోకి చూసి నవ్వడం ఆపేసింది. తిన్నవాళ్లం ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా గబగబా దిగిపోయాం.

హాల్లో పదకొండో బల్ల దగ్గర ఆ డబ్బాయే, మూత గట్టిగా పెట్టి ఉంది. "బీరన్న భార్య, యాలాల్ మండలం," అని జాబితా చదివారు సుధాకర్ గారు, మాలో పెద్ద జడ్జి. మూత తీసి చూశారు.

"ఏందమ్మా, ఖాళీగుంది?"

ఆవిడ నన్ను చూసింది, గుర్తుపట్టింది. కానీ నా ఊసెత్తలేదు.

"ఉప్పు జూడవెట్టిన సారూ. ఐపోయింది."

హాలంతా ఘొల్లున నవ్వింది. సుధాకర్ గారు పేరు కొట్టేయబోయారు. అప్పుడు లేచాను.

"అందులో నాలుగు గుప్పెళ్లు నావే. ఉప్పు మొదట్లోనే సరిపోయింది. ఇంకా తినొచ్చని అబద్ధం చెప్పాను."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. సుధాకర్ గారు నవ్వలేదు. వంట లేనిదే మార్కులు లేవన్నారు, పోటీకి ముందే పోటీదారు చేతి తిండి తిన్న జడ్జి కూడా లేవాల్సిందే అన్నారు. సంతోషంగా కుర్చీ వదిలేశాను. నా ముందున్న మైకును మాత్రం వదల్లేదు. నేరుగా పదకొండో బల్ల దగ్గరికి పోయి ఆవిడ చేతిలో పెట్టాను.

రెండు చేతులతో పట్టుకుంది.

"నా పేరు..." అని ఆగి, గొంతు సవరించుకుంది. "నా పేరు బుగ్గమ్మ."

హాలు నాలుగు మూలలనుంచీ ఆ పేరు వినిపించేసరికి, ఎవరు పిలిచారా అని అటూ ఇటూ చూసింది. తన గొంతేనని తెలిసి పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా మైకులో మోగింది.

"బుగ్గమ్మ! యాలాల్ బుగ్గమ్మ! ఇగ చెప్త, ఇనుండ్రి. కందికాయలు లేతయి తెంపాలె..."

ఆవిడ చెబుతూండగానే మార్కులు తేలిపోయాయి. మొదటి బహుమతి కొట్టిన రాగి లడ్డూల పద్మారాణి తన వంతు కోసం అరగంట నిలబడింది. సుధాకర్ గారు మైకు కోసం రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నారు.