విరుగుడు చీటీ

1994 వేసవిలో భిలాయిలోని ఒక ఆస్పత్రిలో డైటీషియన్‌గా చేరాను. వార్డుల్లో ఏ రోగికి ఏ భోజనం వెళ్లాలో నిర్ణయించడం, డాక్టర్లు పంపినవారికి ఆహార పట్టిక రాసివ్వడం నా పని. సెక్టర్ 7లో ఒంటిగది క్వార్టరు. పగలంతా ఇతరుల తిండి గురించి మాట్లాడి, సాయంత్రం ఒక్కణ్ణే తినేవాణ్ణి. ఆ ఏడాది నా డైరీలో మనుషుల పేర్లకంటే కూరగాయల పేర్లే ఎక్కువ.

ఆ చలికాలం దంత విభాగం నుంచి అప్పలనరసమ్మను నా దగ్గరికి పంపారు. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త పోయాక, రోలింగ్ మిల్లులో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చింది. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకుని. అంగిలి మీద తెల్లమచ్చ పడింది. మానకపోతే అది క్యాన్సర్‌గా మారవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

పొగాకు పొగ ఒంట్లోని విటమిన్ సిని త్వరగా ఖర్చు చేస్తుంది. ఉసిరి, జామ, టమాటా, ఆకుకూరల్లోని యాంటీఆక్సిడెంట్లు ఆ లోటును కొంత పూడుస్తాయి. పట్టికలో అవే రాశాను. చుట్ట మానాలని మొదటి వరుసలో రాసి, చదివి వినిపించాను. ఇలాంటి పట్టికను తెలుగువాళ్లు ‘విరుగుడు చీటీ’ అనేవారు. ఆ పేరు నాకంటే ముందే ఆస్పత్రిలో ఉంది.

నెల తర్వాత చూస్తే మచ్చ అలాగే ఉంది. ఏం తింటున్నారని అడిగాను.

“నువ్వు సెప్పిన ఇరుగుడే బాబూ. సుట్ట కాల్సిన ఎంటనే ఉసిరికాయ నముల్తన్నాను. సుట్టలెక్కువైతే కాయలూ ఎక్కువే. లెక్క తప్పనేదు” అంది గర్వంగా.

పక్కనున్న కొడుకు నవ్వాపుకోలేకపోయాడు. “అరే అమ్మా, సార్ బంద్ చెయ్యమంటే నువ్వు దానికి నంజుకుంతన్నావేటి!”

“నువ్వూరుకోరా!”

విరుగుడంటే విషం ఎక్కిన తర్వాత ఇచ్చేది. ఆ అర్థంలో ఆవిడ లెక్క సరైనదే. ఉసిరి లోటు పూడుస్తుంది గాని, నిప్పు తగిలే చోటును కాపాడదని వివరించాను. మానడానికి అడ్డేమిటని అడిగితే, కొడుకు మందుల కిటికీ దగ్గరికి వెళ్లేదాకా ఆగింది. ఊరి చివర మరోదా బస్తీలో వాళ్ల వైపు ఆడవాళ్లు సాయంత్రాలు ఒకచోట కూర్చుని కాలుస్తారట.

“ఇంట్లో మనవలు ఇందీలోనే మాటాడుకుంతారు. నా మాట ఆలకి తెల్దు. సుట్ట నేకుండా మరోదా ఏ మొకంతో ఎల్తాను?”

పట్టికలో మొదటి వరుస కింద మరో గీత గీసిచ్చాను.

ఎండలు ముదిరేలోగా ఆవిడ చుట్ట మానేసింది. మచ్చ పలచబడిందని డాక్టరమ్మ కాగితం మీద రాశారు. ఆ సంగతి చదివి చెప్పాను. ఆ కాగితం మడిచి కొంగున ముడివేసుకుంటూ, “మచ్చ పోతంది బాబూ. మరోదా ఎల్లడం నేదు. మాటాడీవోలే నేరు” అంది.

ఉసిరి కాలం అయిపోయింది గనుక నిమ్మకాయ రాసిచ్చాను.

ఆ తర్వాత రిటైరయ్యేవరకు, పొగాకు వాడేవారి పట్టిక పైన ‘మానిన తర్వాత తినవలసినవి’ అని రాశాను. ఏం తింటారని అడిగే ముందు, ఎవరితో కూర్చుని కాలుస్తారని అడిగేవాణ్ణి.