ఫోన్ చేస్తామన్న కంపెనీ

వీధిలో ఆ వెల్డర్‌ని అందరూ వెన్నపూస అనేవారు. నలభై ఏళ్లొచ్చినా ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. అలాంటివాడు ఒక గుమాస్తా ముక్కు పగలగొట్టాడంటే జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ గుమాస్తా పనిచేసే బాయిలర్ల కంపెనీ నాన్చుడు సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ కంపెనీలో ఉద్యోగానికి పెట్టిన పరీక్ష రోజున రెండు పైపులు కలిపి అతుకు వేశాడు. గుమాస్తా తలెత్తకుండానే, "ఫోన్ చేస్తాం, వెళ్లండి" అన్నాడు. వెన్నపూస ఆ మాట నమ్ముకున్నాడు. కబురొచ్చే వేళకి లైను ఖాళీ లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుందని, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌నీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు వెల్డింగు షెడ్లవాళ్లు పనికి పిలిస్తే రానన్నాడు. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు.

పంతొమ్మిదో రోజు భార్య తన అక్కతో మాట్లాడుతోంది.

"పెట్టెయ్."

"ఒక్క నిమిషమండీ, అక్కకి ఒంట్లో బాగోలేదు."

చెంప మీద లాగి కొట్టాడు. ఆమె తల తలుపుచెక్కకి గుద్దుకుంది, చెవిలోంచి రక్తం కారింది. ఆ చెవి ఇక వినపడదని డాక్టరు తేల్చాడు.

నలభయ్యో రోజు కంపెనీకి వెళ్లాడు.

"నా సంగతేమైందండీ?"

"చెప్పాం కదా, ఫోన్ చేస్తామని." గుమాస్తా ఈసారీ తలెత్తలేదు.

వెన్నపూస జుట్టు పట్టి ఆ తల పైకెత్తి బల్లకేసి బాదాడు. ముక్కు పగిలి దరఖాస్తుల మీద రక్తం చిమ్మింది. మళ్లీ బాదాడు, పన్ను ఊడింది. అడ్డొచ్చిన కాపలావాణ్ణి కుర్చీతో పడగొట్టాడు.

"ఉందా, లేదా?"

"లేదు." గుమాస్తా రక్తం ఉమ్మాడు. "మీ అతుకులో పగులుంది. ఆ సాయంత్రమే పేరు కొట్టేశాం. ఉద్యోగం రానివాళ్లకి ఫోన్ చెయ్యం. ఉద్యోగం లేదని మొహం మీదే చెబితే గేటు దగ్గర గొడవలవుతాయని, అందరికీ అదే మాట చెప్పమన్నారు."

వెన్నపూస చేతిలోని కుర్చీ వదిలేశాడు. గుమాస్తాని చూస్తే జాలి కలగలేదు, భార్య గుర్తొచ్చి మాత్రం బావురుమన్నాడు. పోలీసులు వచ్చి రెక్కలు విరిచి పట్టుకునేదాకా నేల మీదే కూర్చున్నాడు.

సాయంత్రం ఆమె స్టేషన్‌కి వచ్చింది. బాగున్న చెవి కటకటాల వైపు తిప్పి, "ఏమన్నారు వాళ్లు?" అని అడిగింది.

"పరీక్ష రోజే వద్దనుకున్నారట."

"మరి నన్ను దేనికి కొట్టినట్టు?"

అతను కటకటాల్లోంచి చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి ముట్టుకోకుండానే వెళ్లిపోయింది.