సిరా ఎక్కని నలభై ఒక్క రోజులు

యుద్ధంలో పోయినవాళ్ళను తలచుకోవడానికి ఏటా జరిగే సభకు అందరికంటే ముందు చేరుకునేది తీగల తాతే. తెల్లవారకుండానే వెళ్ళి కుర్చీలు వేసేవాడు, గుడ్డతో తుడిచేవాడు, ముందు రెండు వరసల చుట్టూ తాడు కట్టేవాడు. ఆ రెండు వరసలూ పతకాలున్న మాజీ సైనికులవి. జనం వచ్చే వేళకు ఆయన అందరికన్నా వెనక్కి పోయి నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడేవాడు. ఆయనా సైనికుడే, పదిహేనేళ్ళు చేశాడు. కానీ ఆయన చొక్కా మీద గుండీలు తప్ప ఏమీ లేవు.

"మా తాత డిపోలో తీగలు చుట్టి చుట్టి యుద్ధం గెలిపించాడు" అని ముందు వరసవాళ్ళు పరాచికాలాడేవారు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. అటువైపు నుంచి వచ్చిన మాటకి నవ్వేసి ఊరుకునేవాడు. కుడివైపు నుంచి వచ్చినా అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

ఆయన కూతురు కోర్టు ఎదురుగా ఫోటోకాపీ షాపు నడుపుతుంది. ఊరందరి తగాదాలూ ఆమె మెషీను గాజు మీద బోర్లా పడుకుని వెలుతురు చూసి పోతుంటాయి. ఎవరి కాగితమైనా తలకిందులుగా చదివేయడం ఆమెకు అలవాటు. తండ్రి కాగితాలు మాత్రం ఎప్పుడూ చదవలేదు, ఆయన ఎప్పుడూ తేలేదు గనక. చెవిలో పెట్టుకునే మిషను కోసం ఆస్పత్రివాళ్ళు సర్వీసు పుస్తకం నకలు అడగడంతో, ఒకరోజు సంచిలో పెట్టుకుని వచ్చాడు.

ఏడో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. యుద్ధం జరిగిన నెలల్లో నలభై ఒక్క రోజులకు ఒకటే వరస రాసి ఉంది: "డిపోలో సాధారణ విధులు". దాని కింద, ఎడమ భుజం గాయానికి కారణం "ప్రమాదం".

చిన్నప్పుడు ఆ భుజం మీద ఎక్కి ఆడుకున్న పిల్ల ఆమె. చర్మం కింద గట్టిగా తగిలే ఇనుప ముక్కను వేలితో నొక్కి, "ఇది యుద్ధంలో దిగింది" అని తల్లి చెప్పగా విన్న పిల్ల.

"డిపోలో ఇనుప ముక్క ఎక్కణ్ణించి ఎగిరొచ్చింది నాన్నా?" అంది.

ఆయన ఆ పుస్తకం మూసేయబోయాడు. ఆమె అరచేయి అడ్డం పెట్టింది. షాపులో కరెంటు పోయింది, గిరాకీ లేదు, తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. అప్పుడు చెప్పాడు.

ఆయన పని టెలిఫోను తీగ లాగడం. యుద్ధంలో ముందు వరసలో ఉన్న వేరే దళానికి లైన్‌మన్లు చాలక, ఆయన దళం నుంచి పందొమ్మిది మందిని అరువుగా పంపారు. పేర్లు ఒక దళం పుస్తకంలో, మనుషులు మరో దళం వెంట. వీపు మీద తీగ చుట్ట మోసుకుంటూ నలభై ఒక్క రోజులు కొండవాలుల్లో తిరిగారు. ఆయన జతగాడు పుల్లలా సన్నగా ఉండే కుర్రవాడు, అందరూ బక్కోడనేవాళ్ళు. ముప్ఫై ఏడో రోజున తెగిన తీగ కలపడానికి ఇద్దరూ ఒక వాగులోకి దిగారు. గుండు పడింది. ఆయనకు భుజమూ చెవీ పోయాయి. బక్కోడు ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు.

యుద్ధం అయిన మరుసటి ఏడు, తొలి సెలవులో ఆయన బక్కోడి అక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె బడి పంతులమ్మ, తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. గుమ్మంలోనే నిలబెట్టి, తను రాసి అడిగితే సైన్యం రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చూపించింది. ఆ రోజు ఆ చోట అతని దళం మనిషి మరొకడు ఉన్నట్టు రికార్డులో లేదని అందులో ఉంది. అంతకు ముందే ఒకడు వచ్చి, తమ్ముడి స్నేహితుణ్ణని నమ్మించి, వారం రోజులు తిని, పోతూ పోతూ తమ్ముడి చేతి గడియారం పట్టుకుపోయాడట. పాలతో నోరు కాలినవాళ్ళు మజ్జిగను కూడా ఊదుకుంటారు కదా. "కాగితం తెచ్చుకో నాయనా. తెచ్చిన రోజు నువ్వెంతసేపు చెబితే అంతసేపు వింటాను" అని తలుపు వేసుకుంది.

కాగితం కోసం ఆయన వెళ్ళాడు. సొంత దళంవాళ్ళు అరువు తీసుకున్న దళాన్ని అడగమన్నారు. వాళ్ళు సొంత దళాన్నే అడగమన్నారు. మద్దెల వెళ్ళి రోలుతో మొరపెట్టుకున్నట్టయింది. చివరికి, ఆ పందొమ్మిది మంది వివరాలు రాయడానికి వాళ్ళతో వచ్చిన గుమాస్తాను కలిశాడు. కలిసి, ఏమీ అడక్కుండానే తిరిగి వచ్చేశాడు.

"ఎందుకడగలేదు?"

"అతను చచ్చినవాళ్ళ పేర్లు ముందు రాశాడమ్మా. రాయొద్దంటానా? బతికున్నవాణ్ణి, నాకేం తొందర?"

కూతురికి కోపం ముంచుకొచ్చింది. నీ మంచితనం మండిపోను అని పైకే అనేసింది. పతకాలు రాకపోతే పీడా పోయింది, ఆ అక్క ఇన్నేళ్ళుగా తన తమ్ముడు దిక్కులేకుండా ఒంటరిగా పోయాడని ఏడుస్తోంది కదా, అది నీకు పట్టదా అని నిలదీసింది. "అదే కావాలి నాకు. పతకాలు కాదు. ఆ కాగితం" అన్నాడాయన.

ఆయనకు చెప్పకుండా ఆమె గుమాస్తా ఊరు వెళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నోట్లో రెండు పళ్ళు, మాట మాత్రం గణగణ. ఆమె తండ్రి పేరు చెప్పగానే కూర్చున్న మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. మీ నాన్న పంపాడా అని అడిగి, లేదంటే నిట్టూర్చి, మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగాడు. అట్టడుగున, ప్లాస్టిక్ సంచిలో, పెన్సిలుతో రాసిన కాగితం. పందొమ్మిది పేర్లు, తారీఖులు, చోట్లు.

ముందు వరసలో సిరా వాడరట. తడిస్తే కారిపోతుంది, పెన్సిలు కారదు. అక్కడ పెన్సిలుతో రాసి, వెనక్కి వచ్చాక సిరాతో పుస్తకాల్లోకి ఎక్కించాలి. సిరా ఎక్కనిది రికార్డు కాదు.

"ఐదుగురు పోయారమ్మాయ్. వాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు వెళ్ళాలి. వాళ్ళవి ముందు ఎక్కించాను. బతికున్నవాళ్ళెక్కడికి పోతారులే అనుకున్నాను. నాలుగో రోజే నాకు బదిలీ వచ్చింది. నా తరవాత వచ్చినవాడు పెన్సిలు కాగితం ముట్టనన్నాడు. చింపలేకపోయాను, చూపించే ధైర్యమూ చాల్లేదు. మీ నాన్న వచ్చినప్పుడు ఇది నేను కూర్చున్న మంచం కిందే ఉంది. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు."

అలా పద్నాలుగు మంది బతికినవాళ్ళు బతికినందుకే రికార్డులోంచి జారిపోయారు. అక్క చేతికొచ్చిన ఉత్తరంలో అబద్ధం ఏమీ లేదు. పుస్తకంలో ఆ వాగు దగ్గర నిజంగానే బక్కోడొక్కడే ఉన్నాడు.

ఆ వెలిసిపోయిన కాగితాన్ని నకలు తీయడానికి ఆమెకు ఒక పూటంతా పట్టింది. వెనకవైపు రాత ముందుకు కనపడకుండా నల్ల అట్ట పెట్టి, మెషీను నలుపు పూర్తిగా పెంచి, పదకొండుసార్లు తీసింది. పన్నెండోసారి పేర్లు తేలాయి. గుమాస్తా వాంగ్మూలం, ఆస్పత్రి ఎక్స్‌రే, దరఖాస్తు కలిపి రికార్డు ఆఫీసులో ఇచ్చింది. కౌంటరు మనిషి పెన్సిలు రాత పనికిరాదని తోసేశాడు. ఆ మాట తెలిసి గుమాస్తా మూడు బస్సులు మారి వచ్చాడు. కౌంటరు ముందు నిలబడి, ఆ పందొమ్మిది పేర్లూ చూడకుండా మళ్ళీ రాశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "చేతిరాత నాదే, తప్పూ నాదే. ఇంకేం రుజువు కావాలి బాబూ?" అన్నాడు. కౌంటరు మనిషి ఈసారి ఫైలు తీసుకున్నాడు.

పరిశీలన పదిహేను నెలల్లో పూర్తయింది. సరిదిద్దవచ్చునని కిందివాళ్ళంతా రాశారు. ఇక కావలసింది పై అధికారి సంతకం ఒక్కటే. ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన రాలేదు. వచ్చినాయన పాత ఫైళ్ళు తరవాత చూస్తానన్నాడు. ఆ సంతకానికి పదకొండు నెలలు పట్టింది. కూతురు ఫోను చేసినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవారు. అన్నం ఉడుకుతోందన్నంత తేలిగ్గా అనేవారు. ఈలోగా పంతులమ్మకు ఒక ఉత్తరం రాద్దాం నాన్నా అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ కాగితం తెమ్మంది, వట్టి చేతులతో రెండోసారి వెళ్ళను అన్నాడు.

చివరికి వచ్చింది. సర్వీసు పుస్తకంలో అతికించాల్సిన కొత్త ఏడో పేజీ, యుద్ధరంగ పతకం, గాయపతకం. పద్నాలుగు మందిదీ సరిచేశారు. అందులో బతికున్నది ముగ్గురు. తండ్రి పతకాల డబ్బా తెరవనైనా లేదు. ఏడో పేజీ నకలు రెండు తీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పద తల్లీ అన్నాడు.

పంతులమ్మ ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ బయటికి వచ్చింది. ఎవరు కావాలని అడిగి, విని, వాళ్ళను తన వసారాలో కూర్చోబెట్టింది. పంతులమ్మ పోయి ఆరు నెలలయిందట. చివరి రోజుల్లో చూసుకున్నది తనేనట. బాగా బాధపడిందా అని కూతురు అడిగింది. ఒంటి బాధ అంతగా లేదు గానీ, తమ్ముడి గురించే కలవరించేది అని చెప్పింది ఆవిడ. "పక్కన ఒక్కడైనా లేడే, గుక్కెడు నీళ్ళు పోసినవాడైనా లేడే అని. పోయేదాకా అదే మాట అన్నయ్యగారూ."

కూతురు వేళ్ళ మీద లెక్క వేసింది. ఆరు నెలల కిందట ఫైలు సంతకం కోసం బీరువాలో ఉంది.

తండ్రి కాగితం మడత విప్పి ఆ పక్కింటావిడ చేతిలో పెట్టాడు. చదవమన్నాడు. ఆవిడ చదివింది. అప్పుడు, తనతో ఏ సంబంధమూ లేని ఆ మనిషికి, నలభై రెండేళ్ళుగా మోసుకు తిరిగినదంతా చెప్పాడు.

"నీళ్ళు తాగాడమ్మా. నా సీసాలోవి, మూడు గుక్కలు. తీగ కలిసిందా అని అడిగాడు. టెలిఫోను వాడి చెవి దగ్గర పెట్టాను. అవతల ఎవరో మాట్లాడుతుంటే విని నవ్వాడు. తరవాత ఛాతీ చూసుకుని, అక్క అల్లిన స్వెట్టరు చిరిగిపోయింది, అక్కతో చెప్పకు, తిడుతుంది అన్నాడు."

పక్కింటావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తండ్రికి మాత్రం కన్నీళ్ళు రాలేదు. "చెప్పొద్దన్నాడు గానీ చెబుదామనే వచ్చాను. ఆవిడ తిట్టేది. తిడితే బాగుండేది" అన్నాడు. తిరుగు బస్సులో కూతురు ఆయన కుడివైపు కూర్చుంది, మాట్లాడితే వినపడాలని.

ఇప్పుడు ఆ ఫోటోకాపీ షాపులో ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒక బల్ల వేసి ఉంటుంది. సర్వీసు పుస్తకాలు తెచ్చినవాళ్ళవి కూతురు పేజీ పేజీ చదివి, దరఖాస్తు రాసిపెడుతుంది. ఒక్క షాపు ఎన్ని పుస్తకాలు చదవగలదు? ఇది చదువుతున్న మీ ఇంట్లోనో వీధిలోనో సైన్యంలో చేసి వచ్చిన మనిషి ఉంటే, ఈ వారమే ఆయన పుస్తకం అడిగి తీయించండి. ఒంటి మీద ఉన్న గాయం కాగితం మీద ఉందో లేదో చూడండి. ఆయన వద్దంటాడు, నవ్వేస్తాడు, మాట మారుస్తాడు. వినకండి. మీరే ఆ రోజు పక్కన ఉన్నవారైతే, చూసినది రాసి సంతకం చేసి ఇవ్వండి. మీ వల్లే తప్పు జరిగి ఉంటే మరీ ముందుగా ఇవ్వండి. ఇక మీ బల్ల మీద అలాంటి ఫైలు ఒకటి సంతకం కోసం ఆగి ఉంటే, దయచేసి ఇది పక్కన పెట్టి ముందు ఆ ఫైలు తెరవండి. దాని కోసం ఎక్కడో ఎవరో ఇంకా బతికి ఉండవచ్చు.